పై గుంతల్లో ఉప్పు

దాక్షాయణి వానచాలు మూతిలో ఇరుక్కున్న ఆకులను ఈనెల చీపురుతో లాగుతోంది గాని, ఆమె కళ్ళు మాత్రం జోసి ఇంటి గేటు మీదే ఉన్నాయి. లోపల కారు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ నీళ్ళు ఎటు పోతాయో, వాటిలో ఏం కలిసి వస్తుందో చూడకుండా అక్కడి నుంచి కదిలేది లేదని ఆమె నిశ్చయించుకుంది. కాసేపటికి నీళ్ళు గేటు కింద నుంచి సన్నటి పాయగా వచ్చి, రోడ్డు వాలున పారి, చాలులోకి దిగాయి. నురగ లేదు, జిడ్డు లేదు. మామూలు నీళ్ళు. దాంతో ఆమె అనుమానం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. తను కాపలా కాస్తోందని తెలిసే ఇవాళ మంచినీళ్ళు వదిలాడు కాబోలు.

పొట్టి మనిషి దాక్షాయణి. యాభై దాటి చాలా ఏళ్ళే అయింది. చీర మీద మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా, నెత్తికి చుట్టిన తువ్వాలు, పార పట్టీ పట్టీ కాయలు కాసిన అరచేతులు, మట్టి ఇంకిపోయిన మడమల పగుళ్ళు. ఎడమ భుజం కుడి భుజం కన్నా కొంచెం కిందికి వాలి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ చేత్తోనే మొక్కలకు నీళ్ళ బకెట్లు మోసింది మరి.

అనుమానం ఆమెకు ఉట్టినే రాలేదు. మొగుడు సుధాకరన్ మునంబం రేవులో పడవల పని అని చెప్పి వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అతని చొక్కాకు చేపల వాసన రాదేమని ఆమె అడిగింది. రేవులోనే స్నానం చేసి వస్తానన్నాడు. ఒకనాడు బస్సెక్కి వెళ్ళి చూస్తే రేవులో ఆ పేరు గల మనిషిని ఎవరూ ఎరగరు. ఆరా తీయగా తీయగా ఆలువాలో ఇంకో ఇల్లు, ఇంకో ఆడమనిషి, ఆ ఇంటి దండెం మీద ఆరేసిన అతని లుంగీ కనిపించాయి. ఆ రోజు నుంచి, ఈ లోకంలో తనకు అబద్ధం చెప్పనిది తన అనుమానం ఒక్కటేనని దాక్షాయణి తేల్చుకుంది. చేపలవాడి త్రాసును నమ్మదు. బస్సులో పక్క సీటు మనిషి కునికితే నిద్ర నటిస్తున్నాడంటుంది. సందులో ఆమెను చూసి నవ్వుకునేవాళ్ళున్నారు గాని, ఆమె ఎదుట నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఎర్నాకుళంలో ఆ సందు పెద్ద రోడ్డు దగ్గర మొదలై కాలువ దగ్గర ఆగిపోతుంది. ఒకప్పుడు అదంతా కొబ్బరితోట. ఇప్పుడు రెండు వైపులా మేడలు. కాలువ గట్టున, సందు తోక మీద, దాక్షాయణి ఇల్లు. పైన మేడల కప్పుల మీద, రోడ్డు మీద కురిసిన వాన మధ్యలో ఎక్కడా ఇంకే చోటు లేక తిన్నగా ఆమె వంటింట్లోకి వచ్చేది. పోయినేడు పొయ్యి మీది అన్నం గిన్నె నీళ్ళ మీద తేలింది. ఆమె మంచం మీద కూర్చుని, గిన్నె గడప దాటి కాలువ వైపు సాగిపోవడం చూసింది. ఆ బెడద తప్పించడానికే మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డుకు ఒక పక్కగా మోకాలి లోతున పొడుగాటి చాలు తవ్వి, అందులో వరసగా చెట్లు పెట్టించారు. రోడ్డు నీళ్ళు చాలులో పడాలి, చెట్లు తాగాలి, మిగిలింది భూమి తాగాలి. దానికే వానచాలు అని పేరు పెట్టుకున్నారు.

కింది సగంలో పొన్న, గంగరావి మొక్కలు ఏపుగా లేచాయి. పై సగంలో, జోసి ఇంటి చుట్టుపక్కల, మద్ది, కడిమి నాటితే నాటినవి నాటినట్టే చచ్చాయి. ముందు ఆకు అంచులు మాడేవి. తర్వాత కొమ్మ ఎండేది. ఆ తర్వాత కర్ర మిగిలేది. ఇది రెండో విడత. మూడోసారి మొక్కలు ఇచ్చేది లేదని ఆఫీసువాళ్ళు చెప్పేశారు. పై సగం మీద సిమెంటు పలకలు పరిచేస్తే కార్లు నిలుపుకోవచ్చని సందు నివాసుల సంఘానికి కార్యదర్శి అయిన జోసి అర్జీ పెట్టాడు. ఆ సంగతి తేల్చడానికి ఆ సాయంత్రమే మీటింగు. పలకలు పడితే నీళ్ళు మళ్ళీ ఎవరింటికి వస్తాయో దాక్షాయణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన ఇవాళో రేపో అన్నట్టుంది. కాలువ మీద ఆకాశం అప్పటికే నల్లబడింది.

మధ్యాహ్నానికి ఓవర్సియర్ నిమ్మి స్కూటర్ మీద వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. చెట్లంటే ఇష్టం, జనమంటే భయం. చాలు గట్టున గొంతుక్కూర్చుని పై గుంతలో మట్టి చేత్తో కెలికింది.

"మట్టి పరీక్ష చేయించాను చేచ్చీ. ఇక్కడ ఉప్పు ఎక్కువుందట," అంది. చేచ్చీ అంటే అక్క; సందులో చాలామంది దాక్షాయణిని అలాగే పిలుస్తారు.

"ఇక్కడా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. ఉప్పుంటే కింద ఉండాలి. వేసవిలో సముద్రం పోటుకి కాలువలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి కదా. అందుకేగా కింద పొన్న పెట్టించాను, అది ఉప్పుకి ఓర్చుకుంటుందని. ఇక్కడ వాన పడితే గంటలో ఇంకిపోద్ది, మళ్ళీ నెలల తరబడి ఎండ. మునగడానికీ ఎండడానికీ రెంటికీ తట్టుకోవాలి, వేరు రోడ్డుని లేపకూడదు, గాలికి విరక్కూడదు. ఎంత వెతికి మద్దిని పెట్టానో."

"చెట్టు మంచిదే మేడం. మనుషులు మంచోళ్ళు కారు," అంది దాక్షాయణి, జోసి గేటు వైపు గడ్డం ఎగరేసి.

నిమ్మి కంగారుగా అటూ ఇటూ చూసింది. "చూడకుండా అనకండి చేచ్చీ."

"చూసేదాకా ఆగితే ఇంకేం మిగుల్తుంది?"

సాయంత్రం రేషన్ దుకాణం రేకుల పంచ కింద సందు జనం కూడారు. నిమ్మి చెట్ల పేర్లు చదవడం మొదలుపెట్టిందో లేదో, రిటైరైన సౌదామిని టీచర్ చెయ్యెత్తింది. పైట సర్దుకుని, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"ఇదంతా కాదమ్మా. ఎవరి జన్మనక్షత్రానికి చెప్పిన చెట్టు వాళ్ళ ఇంటి ముందు నాటండి. ఎవరి చెట్టుని వాళ్ళే కంటికి రెప్పలా చూసుకుంటారు. చెట్టు పెరిగితే మనిషికీ ఆయుష్షు. ఈ సందులో ఒక్క అచ్యుతన్ చేట్టన్‌కే అదృష్టం పట్టింది. ఆయనది స్వాతి, ఆయన వాకిట్లో మీరు మద్ది పెట్టారు. స్వాతికి మద్దే."

"అది నేను నీళ్ళు చూసి పెట్టానండీ, నక్షత్రం చూసి కాదు," అంది నిమ్మి.

"మీది ఏ నక్షత్రం టీచర్?" అని జోసి నెమ్మదిగా అడిగాడు.

"శ్రవణం."

"అయితే జిల్లేడు," అన్నాడు జోసి. "దాన్ని నాటేదేముంది, రోడ్డు పక్కన అదే మొలుస్తుంది. కాస్త ఓపిక పట్టండి." జనం నవ్వారు. వాళ్ళతో పాటు తనూ నవ్వి, చేతులు కట్టుకున్నాడు. "చర్చికి పోయేవాళ్ళం, మాకు నక్షత్రాలూ అవీ లేవు. మా ఇంటి ముందు సిమెంటు పలక వేయించండి, దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాను."

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఉన్న దాక్షాయణి ఒంటికాలి మీద లేచింది.

"పలక కోసమేగా ఉప్పు పోసి చంపావు?"

జోసి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గాని, చెవులు ఎర్రబడ్డాయి.

"నేనా? ఉప్పా? మా ఇంట్లో కూరలోకే ఉప్పు లేదు చేచ్చీ. డాక్టరు మాన్పించాడు. చప్పిడి చేపల పులుసు తిని బతుకుతున్నాను నేను. నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు."

"చూడక్కర్లేదట, విన్నారా? ఓవర్సియర్ గారూ, ఉప్పు కాలువదో మనిషిదో ఇప్పుడే తేలాలి. కాలువదైతే ఇక్కడ ఏ చెట్టూ బతకదు, పలకలు వేసేయండి. మనిషిదైతే ఎవరో పేరు చెప్పండి. ఊరికే ఒకళ్ళ మీద బురద చల్లితే ఊరుకోను."

నిమ్మి నీళ్ళు నమిలింది. చివరికి, "ఎవరో తెలిసి, మళ్ళీ వెయ్యరని రూఢి అయితే, ఆ మట్టి తీయించి కొత్త మట్టి పోయించి ఇంకో విడత మొక్కలకి నేను ఆఫీసులో ఎలాగో ఒప్పిస్తాను. తెలియకపోతే మాత్రం నా చేతిలో లేదు చేచ్చీ," అంది.

"ఉండండి. చూసిన మనిషిని పట్టుకొస్తా," అని దాక్షాయణి తువ్వాలు దులుపుకుని బయలుదేరింది.

చూసిన మనిషి అంటే ఆమె లెక్కలో అచ్యుతన్, సందులో అందరూ చేట్టన్, అంటే అన్న, అని పిలిచే ముసలివాడు. జోసి ఇంటి పక్కన, గోడకు ఆనించి కట్టిన ఒంటిగది అతనిది. ఈ సందు కొబ్బరితోటగా ఉన్న రోజుల్లో తోటలో చెట్లన్నీ అతను పెంచి, అతను ఎక్కి, అతను దింపినవే. తోట అమ్మినప్పుడు కొన్నవాళ్ళు జాలితలచి ఆ గది వదిలేశారు. తెల్లవారకముందే లేచి వాకిట్లో కూర్చునే అలవాటు. జోసి ఏం చేసినా అతని కంట పడక తప్పదు.

గది చీకటిగా ఉంది. నులక మంచం మీద అతను పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. చెట్లకు రాసుకుని రాసుకుని రొమ్ము మీది చర్మం ఏనుగు తోలులా గట్టిపడింది. పాదాలు లోపలికి వంగిపోయి, ఇప్పటికీ ఏదో మాను పట్టుకున్నట్టే ఉన్నాయి. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదని టీచర్ అంటుంటే దాక్షాయణి విన్నది. అప్పుడు అదీ నమ్మలేదు. ఇప్పుడు ముఖం చూశాక నమ్మింది.

"చేట్టా, నేను దాక్షాయణిని. పై గుంతల్లో ఉప్పు పోసేది ఎవరో నువ్వు చూసే ఉంటావు. ఒక్క మాట చెప్పు. జోసేగా?" అని చెవి దగ్గర వంగి అడిగింది.

అతను కళ్ళు తెరిచాడు. కాసేపు అర్థం కానట్టు చూశాడు.

"జోసికేం తెలుసు మోళే ఆ పనులు? నేనేగా వేసేది," అన్నాడు, కూతుర్ని పిలిచినట్టు పిలిచి.

దాక్షాయణి సరిగా విన్నానా అని ఇంకా దగ్గరికి వంగింది.

"మీ మునిసిపాలిటీ వాళ్ళకి మొక్క పాతడం రాదు. గుంత తీశారు, పెట్టారు, పోయారు. గుంతలో గుప్పెడు కల్లుప్పు, చారెడు బూడిద వెయ్యకపోతే వేరు పట్టుద్దా? ఈ తోటలో ఎన్ని చెట్లు నిలబెట్టాను నేను, ఒక్కటి పోయిందా? అందుకే తెల్లారగట్ట లేచి వేసేవాణ్ణి. నా వాకిట్లోదానికే వేస్తే బాగోదని పక్కోళ్ళ వాటికీ వేశాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆకు మాడింది. చాల్లేదేమో అనుకుని ఇంకాస్త వేశాను. ఇంకా మాడింది. ఇంకాస్త వేశాను. దానికి ఆకలి తీరడం లేదు మోళే. అది నా నక్షత్రం చెట్టట కదా. అది పోతే నేను పోయినట్టే అంటున్నారు. నాకు భయంగా ఉంది."

ఏ అనుమానమూ తప్పని దాక్షాయణి, ఆ మంచం పట్టె మీద చెయ్యేసి అలాగే కూర్చుండిపోయింది. నిజం ముఖాన కొట్టడం ఆమెకు చేతనైన పని. సుధాకరన్‌కు కొట్టింది, చేపలవాడికి కొట్టింది, ఇందాక జోసికి కొట్టింది. ఇప్పుడు ఆ పని చేతకాలేదు. సుధాకరన్ వెళ్ళిపోయిన ఏడు, సందంతా ఆమె గురించి కోడై కూస్తుంటే, ఈ మనిషి ఒక్క మాటా అడగకుండా ఆమె ఇంటి మీదికి వంగిన చెట్టెక్కి కాయలన్నీ దింపి గుమ్మంలో పోశాడు. ఊరికే ఎందుకు చేస్తున్నావు, నీకేం కావాలని ఆమె అప్పుడూ అనుమానంగానే అడిగింది. ఎండిన కాయ నెత్తిన పడితే చస్తావు, అందుకని చెప్పి, మోకు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఈసారి ఏం పెడతారు?" అని అడిగాడు అతను.

"మద్దే పెడతాం చేట్టా. నువ్వు వేసిన బలం మట్టిలో చాలా ఉంది. ఇక వెయ్యకు. ఈసారి నీళ్ళు చాలు."

"నీళ్ళేనా?"

"నీళ్ళే."

అతను తేలిగ్గా ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు.

దాక్షాయణి తిరిగొచ్చేసరికి పంచ కింద అందరూ ఆమె వెనక ఎవరొస్తున్నారా అని చూశారు. ఎవరూ రాలేదు. ఆమె నిమ్మి ముందు నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది.

"ఉప్పు వేసింది నేనే."

"మీరా?" అంది నిమ్మి.

"కొబ్బరి మొక్కకి వేసినట్టు వేశాను. ఉప్పు, బూడిద. బలం వస్తదనుకున్నా. ఇంక వెయ్యను."

జోసి ఒక్క క్షణం నమ్మలేదు. నమ్మాక మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇందాక నా ముఖం మీద అన్న మాట ఏమైంది చేచ్చీ? అందరి ముందూ అన్నావు కదా."

"తప్పే."

"గట్టిగా చెప్పు."

"తప్పే అన్నాగా."

"నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఊరందర్నీ దొంగచూపులు చూసే మనిషి చేతులే శుభ్రంగా ఉండవు," అంది సౌదామిని టీచర్. ఇక మీదట పై గుంతల దగ్గరికి దాక్షాయణిని ఒంటరిగా పోనివ్వకూడదని, నీళ్ళు పోసేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నిమ్మి దాక్షాయణి ముఖంలోకి చాలాసేపు అనుమానంగా చూసి, పలకల అర్జీ మడిచి సంచిలో పెట్టేసుకుంది.

వాన వచ్చేలోపే ఒక్క గుంతైనా బాగుచేయాలని ఇద్దరూ అప్పుడే పలుగూ పారా పట్టారు. అచ్యుతన్ వాకిట్లో గుంతలో మట్టి లోతుగా తోడేసి, రెండో విడతలో మిగిలి వాటర్ ట్యాంకు పక్కన పోసి ఉన్న కొత్త మట్టి గంపలతో మోసి నింపారు. ఆ విడతలోనే మిగిలిపోతే నిమ్మి స్కూటర్ మీద తెచ్చిన మద్ది మొక్కను దాక్షాయణి సంచి చింపి దింపింది. జోసి తన గేటు దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. గది తలుపు తెరుచుకుని, అచ్యుతన్ గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

"విన్నావా అచ్యుతన్ చేట్టా," అని జోసి, ముసలివాడికి చెవుడు కదా అని, సందంతా వినబడేలా చెప్పాడు. "చెట్లని చంపిన మనిషి దొరికింది. మన దాక్షాయణే. ఉప్పు పోసి చంపేసింది. తనే ఒప్పుకుంది."

దాక్షాయణి చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. ఈ దారిన ఆ మాట అతని చెవిన పడుతుందని ఆమెకు తట్టనే లేదు. అందర్నీ అన్ని వైపుల నుంచీ అనుమానించే మనిషికి ఇది మాత్రం తట్టలేదు.

అచ్యుతన్ జోసి వైపు చూశాడు. కొత్త మొక్క వైపు చూశాడు. పక్కన కుప్పగా పోసిన పాత మట్టి వైపు, దాని మీద పడి ఉన్న ఎండుకర్ర వైపు చూశాడు. తర్వాత దాక్షాయణిని చూశాడు. ఆమె తల వంచుకుని మొక్క మొదట్లో మట్టి అదమసాగింది. అతను వినలేదని, విన్నా అర్థం కాలేదని తనకు తాను చెప్పుకుంది. తల ఎత్తేసరికి వాకిట్లో అతను లేడు.

పారలు కడిగి, పంపుగదిలో పెట్టి, నిమ్మిని పంపించి ఆమె ఇంటికి బయలుదేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. సందులో ఇళ్ళ ముందు నిలబడ్డవాళ్ళు ఆమెను చూసి మాటలు ఆపారు. ఆమె ఇల్లు చేరింది. గుమ్మం ముందు మెట్టు మీద ఏదో నల్లగా కనిపించింది. జాడీ. మూతికి గుడ్డ కట్టి ఉంది.

దాక్షాయణి ఒక అడుగు వెనక్కి వేసింది. గుమ్మంలో మూత కట్టిన జాడీ పెట్టడం ఎందుకు చేస్తారో ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. చేతబడి. జోసి కాదు, వాళ్ళకవి ఉండవు. టీచర్ పనే అయి ఉంటుంది. కాలితో తన్నబోయి, తన్నితే ఎటు తిరుగుతుందోనని ఆగి, చీపురుపుల్లతో ముడి విప్పింది. లోపల కల్లుప్పు, బూడిద కలిసి ఉన్నాయి. జాడీ నిండా. కట్టిన గుడ్డ, చెట్లెక్కేవాళ్ళు తలకు చుట్టుకునే ఎర్రంచు తువ్వాలు నుంచి చింపిన పీలిక. అచ్యుతన్ విన్నాడు, అర్థం చేసుకున్నాడు.

నాలుగు రోజులుగా అన్నం ముట్టని మనిషి అంత బరువు మోసుకుని సందు పొడవునా ఎలా నడిచి వచ్చాడో, ఎన్నిచోట్ల కూర్చున్నాడో ఆమెకు తెలియదు. ఆమె పరుగున వెనక్కి వెళ్ళింది. గది తలుపు తీసే ఉంది. అతను మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు రొమ్ము మీద పెట్టుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నుదుటి మీద చెయ్యి వేసింది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. దాక్షాయణి నేల మీద కూలబడి, తన మొగుడు వదిలిపోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

టీచర్ వచ్చి దీపం వెలిగించింది. జోసి వచ్చి చొక్కా చేతులు మడిచి, మంచం ఎత్తడానికి ఒక పక్క పట్టాడు. చెట్టు చచ్చినందుకే ప్రాణం పోయిందని, దాక్షాయణి ఉప్పే పొట్టన పెట్టుకుందని వాకిట్లో ఎవరో గుసగుసగా అన్నారు. ఆమె విన్నది.

వాన మొదలయ్యాక ఆమె ఇంటికి వచ్చింది. రోడ్డు నీళ్ళు చాలులోకి దిగుతున్న చప్పుడు పై నుంచి కింది దాకా వినిపిస్తోంది. గడప పొడిగానే ఉంది. ఆమె జాడీని మెట్టు మీది నుంచి రెండు చేతులా ఎత్తి లోపలికి తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. పోయినేటి నీళ్ళు గోడ మీద గీసిన మరకకు పైన ఒక గూడు ఉంది. అందులోని సామానంతా తీసేసి, ఎర్రంచు పీలిక మళ్ళీ బిగించి కట్టిన ఆ ఉప్పు జాడీని, తడి తగలని చోట, గోడ వైపుకు నెట్టి పెట్టింది.